బీర్‌హాల్ తిరుగుబాటు నుంచి 107 సీట్ల దాకా: హిట్లర్ పార్టీ మళ్లీ ఎలా లేచింది? తరచుగా అడిగే ప్రశ్నలు

1923 నవంబర్‌లో మ్యూనిక్‌లో హిట్లర్ చేసిన తిరుగుబాటు తెల్లారేసరికి తుస్సుమంది. పార్టీ మీద నిషేధం పడింది, నాయకుడు జైలుకెళ్లాడు. ఏడేళ్లు తిరక్కుండానే అదే పార్టీ జర్మనీ పార్లమెంటులో రెండో స్థానంలో కూర్చుంది. మధ్యలో ఏం జరిగిందంటే, "ఉపన్యాసాలతో జనాన్ని మాయ చేశాడు" అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్కతో నాకు పేచీ ఉంది. ఎందుకో కింది జవాబుల్లో చూడండి.

ఆ రాత్రి అసలు ఏం జరిగింది?

నవంబర్ 8, గురువారం. ఇసార్ నదికి తూర్పు ఒడ్డున బుర్గర్‌బ్రోయ్‌కెల్లర్ అనే పెద్ద బీర్‌హాల్. అప్పట్లో బవేరియా రాష్ట్రంలో సర్వాధికారాలు చేతిలో ఉన్న కమిషనర్ గుస్టాఫ్ ఫాన్ కార్ దాదాపు మూడు వేల మంది ముందు ప్రసంగిస్తున్నాడు. రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో తుపాకులతో నాజీ దళం లోపలికి దూసుకొచ్చింది. హిట్లర్ కుర్చీ ఎక్కి పైకప్పు మీదకు పిస్తోలు పేల్చాడు. ప్రభుత్వం పడిపోయిందని, ఆరు వందల మంది సాయుధులు హాలును చుట్టుముట్టారని ప్రకటించాడు.

తర్వాత కార్‌ను, బవేరియాలోని సైన్యాధిపతి లోసోను, రాష్ట్ర పోలీసు అధిపతి సైసర్‌ను పక్క గదిలోకి తీసుకెళ్లి తుపాకీ చూపించి బేరం మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు మోగిన జనరల్ లూడెన్‌డార్ఫ్‌ను కారులో రప్పించాక ముగ్గురూ సరేనన్నారు. వేదికెక్కి చేతులు కలిపారు, హాలంతా చప్పట్లు.

ఊళ్లో ఆ రాత్రి ఇంకో పని కూడా నడిచింది. సోషల్ డెమొక్రాట్ల పత్రిక ఆఫీసును నాజీ దళాలు ధ్వంసం చేశాయి. ఇళ్ల ముందు పేర్లు చూసి, యూదులనిపించిన వాళ్లను బందీలుగా పట్టుకుపోయాయి. తర్వాత పదేళ్లకు దేశమంతటా జరగబోయేదానికి ఇది నమూనా. కానీ కోర్టులో దీని ప్రస్తావన పెద్దగా రాలేదు.

అంత తెగింపు ఎక్కణ్నుంచి వచ్చింది?

పరిస్థితి అలా ఉంది. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్ పారిశ్రామిక ప్రాంతాన్ని ఆక్రమించాయి. సమ్మెలో ఉన్న కార్మికులకు జీతాలివ్వడానికి జర్మన్ ప్రభుత్వం నోట్లు గుద్దుతూ పోయింది. నవంబర్‌కు ఒక డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. జీవితాంతం దాచుకున్న డబ్బుతో ఒక రొట్టె ముక్క కూడా రాని రోజులవి. పైగా ఏడాది కిందటే ఇటలీలో ముస్సోలినీ రోమ్ మీదకు యాత్ర పేరుతో గద్దెనెక్కాడు. అదే పని మ్యూనిక్ నుంచి బెర్లిన్ దాకా చేయొచ్చని హిట్లర్ అనుకున్నాడు.

ఇక్కడ తరచుగా మరుగునపడే సంగతి ఒకటుంది. కార్, లోసో, సైసర్ కూడా బెర్లిన్ ప్రభుత్వాన్ని దించేసే ఆలోచనలోనే ఉన్నారు. వాళ్ల పేచీ ఎప్పుడు చేయాలి, ఎవరి నాయకత్వంలో చేయాలి అన్నదాని మీదే. వాళ్లు నాన్చుతుంటే, తనను పక్కనపెట్టేస్తారేమోనని హిట్లర్ ముందే తొందరపడ్డాడు. విచారణలో ఈ విషయం ఎంత పనికొచ్చిందో ఇంకాసేపట్లో చూద్దాం.

మరి ఎందుకు విఫలమైంది?

పథకం సగమే ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజి పట్టుకోలేదు, రైల్వే స్టేషన్ పట్టుకోలేదు. హిట్లర్ అనుచరుడు, మాజీ సైనికాధికారి రోహ్మ్ మనుషులు సైనిక ప్రధాన కార్యాలయాన్ని ఆక్రమించారు గానీ బారక్‌లు చాలావరకు చేతికి రాలేదు. ఒక బారక్ దగ్గర గొడవ తీర్చడానికి హిట్లర్ హాలు వదిలి వెళ్లాడు. ఆ సమయంలో లూడెన్‌డార్ఫ్, "జర్మన్ అధికారి మాటిచ్చాడంటే మాటే" అన్న ధీమాతో ఆ ముగ్గురినీ ఇంటికి పంపించేశాడు. బయటపడగానే వాళ్లు మాట మార్చి సైన్యాన్ని పిలిపించారు.

పొద్దున్నకి ఎవరికీ ఏం చేయాలో పాలుపోలేదు. "నడుద్దాం పదండి" అన్నాడు లూడెన్‌డార్ఫ్. రెండు వేల మంది నగరం నడిబొడ్డుకు బయల్దేరారు. ఓడియన్ చౌరస్తా దగ్గర, ఫెల్డ్‌హెర్న్‌హాలె స్మారకం పక్కన రాష్ట్ర పోలీసులు అడ్డుపడ్డారు. కాల్పులు ఒక నిమిషం పాటు కూడా సాగి ఉండవు. హిట్లర్ చేతిలో చెయ్యి వేసి నడుస్తున్న అనుచరుడు షాయ్బ్‌నర్ రిష్టర్ అక్కడికక్కడే చనిపోయాడు. అతను పడిపోతూ లాగడంతో హిట్లర్ భుజం కీలు తప్పింది. నాజీ సాయుధ దళ నాయకుడు గోరింగ్ గాయంతో ఆస్ట్రియాకు పారిపోయాడు. హిట్లర్ ఉఫింగ్ అనే ఊళ్లో ఒక స్నేహితుడి ఇంట్లో దాక్కుని నవంబర్ 11న దొరికాడు.

చనిపోయింది 16 మందా, 20 మందా?

నాజీల లెక్క 16. వాళ్లందరినీ "అమరవీరులు" చేసి తర్వాత ఏటా పండగలా జరిపారు. ఆ పదహారులో ఒకతను ఊరేగింపుతో సంబంధమే లేని ఒక హోటల్ వెయిటర్, దారిన పోతూ తూటాకు బలయ్యాడు. ఆయన్నీ తమ ఖాతాలో వేసేసుకున్నారు. నలుగురు పోలీసులు కూడా చనిపోయారు: ఫ్రెడరిక్ ఫింక్, నికోలాస్ హోల్‌వెగ్, మాక్స్ షోబెర్ట్, రుడాల్ఫ్ ష్రౌట్. ప్రజాస్వామ్య ప్రభుత్వం తరఫున డ్యూటీలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు వీళ్లే. వీళ్ల పేర్లు చాలా పుస్తకాల్లో కనపడవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మరో సంగతి. చనిపోయిన నాజీల్లో ఒకడు బవేరియా ఉన్నత న్యాయస్థానంలో జడ్జి. అతని జేబులో కొత్త రాజ్యాంగం ముసాయిదా దొరికింది. పార్లమెంటు రద్దు, యూదుల ఆస్తుల జప్తు, నిర్బంధ శిబిరాలు, మాట వినని వాళ్లకు మరణశిక్ష అన్నీ అందులో ఉన్నాయి. "తర్వాత ఇంత పని చేస్తారని ఎవరికి తెలుసు?" అనే వాదన విన్నప్పుడల్లా నాకు ఆ కాగితం గుర్తొస్తుంది.

రాజద్రోహానికి ఐదేళ్లేనా? కోర్టు ఏం చేసింది?

ఈ కథలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మలుపు ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

చట్టం ప్రకారం ఈ కేసు లైప్‌జిగ్‌లో ఉన్న జాతీయ స్థాయి కోర్టులో నడవాలి. బవేరియా ప్రభుత్వం దాన్ని మ్యూనిక్ దాటనివ్వలేదు. కారణం పైన చెప్పిందే. లైప్‌జిగ్‌లో విచారణ జరిగితే కార్, లోసోల సొంత కుట్ర కూడా బయటికొస్తుంది. 1924 ఫిబ్రవరి 26న విచారణ మొదలైంది. జడ్జి గియోర్గ్ నైట్‌హార్ట్ సానుభూతి ఎటువైపో దాచుకున్న మనిషి కాదు. ముద్దాయిని గంటల తరబడి మాట్లాడనిచ్చాడు, సాక్షులను ఎదురు ప్రశ్నలు వేయనిచ్చాడు. హిట్లర్ అదే అదనుగా, "నేను చేసింది నేరమైతే ఇక్కడ సాక్షులుగా కూర్చున్న వీళ్లు చేసిందేమిటి?" అన్న ధోరణిలో విరుచుకుపడ్డాడు. దేశంలోని పత్రికలన్నీ రోజూ రాశాయి. అప్పటిదాకా బవేరియా దాటితే పెద్దగా తెలియని పేరు ఇంటింటికీ చేరింది.

ఏప్రిల్ 1న తీర్పు: ఐదేళ్ల కోట నిర్బంధం, 200 బంగారు మార్కుల జరిమానా, ఆరు నెలల తర్వాత పెరోల్‌కు అర్హత. లూడెన్‌డార్ఫ్ నిర్దోషి. జడ్జితో పాటు కూర్చున్న సాధారణ పౌర సభ్యులు హిట్లర్‌ను ఏకంగా వదిలేయాలన్నారు. త్వరగా విడుదల అవుతాడని నచ్చజెప్పి వాళ్లను ఈ శిక్షకు ఒప్పించాల్సి వచ్చింది.

ఇందులో రెండు చోట్ల చట్టం చట్టుబండలైంది. ఒకటి, 1921లో ప్రత్యర్థి సభ మీద దాడి చేసిన కేసులో హిట్లర్‌కు అప్పటికే శిక్ష పడింది, మిగిలిన భాగం ప్రొబేషన్ మీద ఉంది. ప్రొబేషన్‌లో ఉండగా మళ్లీ నేరం చేసినవాడికి పెరోల్ ఆశ చూపించడమే తప్పు. రెండు, అతను ఆస్ట్రియా పౌరుడు. గణతంత్ర రక్షణ చట్టం ప్రకారం ఇలాంటి నేరం చేసిన విదేశీయుణ్ని దేశం నుంచి వెళ్లగొట్టాలి. "జర్మన్‌లా ఆలోచించే, జర్మన్‌లా భావించే మనిషికి" ఇది వర్తించదని కోర్టు రాసేసింది. నలుగురు పోలీసుల చావుకు ఎవరూ జవాబు చెప్పుకోలేదు.

1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే నైట్‌హార్ట్‌కు మ్యూనిక్ ఉన్నత న్యాయస్థానం అధ్యక్ష పదవి దక్కింది.

తర్వాతైనా ఆస్ట్రియాకు పంపి ఉండొచ్చు కదా?

ప్రయత్నించారు. బవేరియా పోలీసులు దేశ బహిష్కారమే మంచిదని లిఖితపూర్వకంగా చెప్పారు. ఆస్ట్రియా మాత్రం, జర్మన్ సైన్యంలో పనిచేసినవాడు మా పౌరుడు కాదు పొమ్మంది. 1925లో హిట్లరే ఆస్ట్రియా పౌరసత్వం వదులుకున్నాడు. తర్వాత దాదాపు ఏడేళ్లు ఏ దేశానికీ చెందని మనిషిగా జర్మనీలో రాజకీయాలు నడిపాడు. అధ్యక్ష ఎన్నికల్లో నిలబడటానికి పౌరసత్వం కావాల్సి వస్తే, 1932 ఫిబ్రవరిలో నాజీలు మంత్రులుగా ఉన్న బ్రన్స్‌విక్ రాష్ట్రం అతనికో ప్రభుత్వోద్యోగం కట్టబెట్టింది. ఉద్యోగంతో పాటు పౌరసత్వం ఉచితం.

జైల్లో ఎలా గడిచింది? పుస్తకం అక్కడే రాశాడా?

లాండ్స్‌బెర్గ్ జైలు. కోట నిర్బంధం అంటే చాకిరీ లేని, మర్యాదగల ఖైదు. విశాలమైన గది, బయటి నుంచి బహుమతులు, మూడు వందలకు పైగా సందర్శకులు. 1924 డిసెంబర్ 20న బయటికొచ్చాడు, అరెస్టయినప్పటి నుంచి లెక్కేస్తే పదమూడు నెలలు.

"మెయిన్ కాంఫ్" మొదటి భాగం అక్కడే రూపుదిద్దుకుంది, 1925 జులైలో అచ్చయింది. రెండోది 1926 చివర్లో వచ్చింది. మొదట్లో అమ్మకాలు అంతంతమాత్రమే, లక్షల్లో అమ్ముడైంది అధికారంలోకి వచ్చాకే. కాబట్టి "పుస్తకం వల్ల పార్టీ పెరిగింది" అనేది తిరగేసిన మాట. హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇప్పటికీ దీన్ని వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కన పేర్చి అమ్ముతుంటారు. కొన్నవాళ్లలో చివరిదాకా చదివినవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

నాయకుడు లోపల ఉంటే పార్టీ ఏమైంది?

ముక్కలైంది. అరెస్టుకు ముందు హిట్లర్ బాధ్యతను పార్టీ పత్రిక సంపాదకుడు రోజెన్‌బెర్గ్‌కు అప్పగించాడు. పార్టీలో ఆయన మాట ఖాతరు చేసేవాళ్లే తక్కువ. తనకు పోటీ రాలేనివాణ్ని కావాలనే ఎంచుకున్నాడని కొందరంటారు, కాదు హడావుడిలో తోచిన పేరు రాసిచ్చాడని ఇంకొందరంటారు. ఏదైనా ఫలితం ఒక్కటే. దక్షిణాన ఒక ముఠా, ఉత్తరాన లూడెన్‌డార్ఫ్, గ్రెగర్ స్ట్రాసర్‌ల ముఠా, ఒకరినొకరు ద్రోహులని తిట్టుకోవడం. 1924 మే ఎన్నికల్లో ఉమ్మడి జాబితాకు 6.5 శాతం ఓట్లు, 32 సీట్లు వచ్చాయి. డిసెంబర్‌కు అది 3 శాతం, 14 సీట్లకు పడిపోయింది. హిట్లర్ జులైలోనే అన్ని పదవుల నుంచి తప్పుకుని, ఎవరి పక్షమూ తీసుకోకుండా కూర్చున్నాడు. బయటికొచ్చేసరికి అందరూ అలసిపోయి ఉన్నారు, ఇతనొక్కడే ఎవరితోనూ తగువు పడనివాడు.

నిషేధం ఎత్తేసింది ఎవరు?

బవేరియా ప్రధాని హైన్రిక్ హెల్డ్. 1925 జనవరి 4న హిట్లర్ వెళ్లి కలిశాడు. ఇకమీదట చట్టం దాటనన్నాడు, లూడెన్‌డార్ఫ్‌కు దూరంగా ఉంటానన్నాడు. మృగం మచ్చికైంది కాబట్టి గొలుసు కాస్త వదులు చేయొచ్చు అన్న అర్థంలో హెల్డ్ మాట్లాడినట్టు చెబుతారు. ఫిబ్రవరి 16న నిషేధం పోయింది. 27న అదే బీర్‌హాల్లో, దాదాపు మూడు వేల మంది ముందు పార్టీ మళ్లీ పుట్టింది. ఆ రాత్రి ప్రసంగం ఎంత రెచ్చగొట్టేలా సాగిందంటే, పది రోజుల్లో అదే ప్రభుత్వం అతను బహిరంగ సభల్లో మాట్లాడకుండా నిషేధించింది. బవేరియాలో ఆ నిషేధం 1927 దాకా, ప్రష్యాలో 1928 దాకా సాగింది.

నోరు కట్టేస్తే పార్టీ ఎలా పెరిగింది?

"ఉపన్యాసాలతోనే" అనేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. గొప్ప వక్తకు మాట్లాడే వీల్లేని ఆ రెండు మూడేళ్లలోనే పార్టీ యంత్రాంగం తయారైంది.

మొదట పోటీదారుల లెక్క తేలింది. 1925 మార్చిలో లూడెన్‌డార్ఫ్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టారు, 1.1 శాతం ఓట్లతో ఆయన పరువు పోయింది. సాయుధ దళం పార్టీ కింద ఉండాలా వద్దా అన్న గొడవలో రోహ్మ్ తప్పుకున్నాడు, తర్వాత బొలీవియా వెళ్లిపోయాడు. ఉత్తరాది వాళ్లు కార్యక్రమం మార్చాలని పట్టుబడితే, 1926 ఫిబ్రవరి 14న బాంబెర్గ్‌లో సమావేశం పెట్టి హిట్లర్ గంటల తరబడి మాట్లాడాడు. 1920 నాటి పార్టీ కార్యక్రమంలోని 25 అంశాల్లో అక్షరం కూడా కదలదన్నాడు. స్ట్రాసర్ పక్షాన వచ్చిన గోబెల్స్ (తర్వాత హిట్లర్ ప్రచార మంత్రి అయింది ఇతనే) కుంగిపోయి, ఈయన ఛాందసుడా ఏమిటని ఆ రాత్రి డైరీలో రాసుకున్నాడు. ఏప్రిల్‌లో అదే గోబెల్స్‌ను మ్యూనిక్ పిలిపించి, కారు పంపించి, వేదిక ఎక్కించారు. మనిషి పూర్తిగా ఇటు తిరిగిపోయాడు. ఏడాది చివరికి బెర్లిన్ అతని చేతిలో పెట్టారు.

తర్వాత కాగితాల పని. సభ్యత్వం నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టారు, ఒకటో నంబరు ఎవరిదో చెప్పక్కర్లేదు. సభ్యత్వ కార్డులు మ్యూనిక్ నుంచే వచ్చేవి. ప్రాంతీయ శాఖలను పార్లమెంటు నియోజకవర్గాల సరిహద్దులకు సరిపోయేలా మార్చారు. అంటే తుపాకీ పార్టీ ఎన్నికల పార్టీ ఆకారం తెచ్చుకుంది. విద్యార్థులకు, లాయర్లకు, డాక్టర్లకు, టీచర్లకు వేరువేరు సంఘాలు వచ్చాయి. 1925 చివర్లో సుమారు 27 వేలుగా ఉన్న సభ్యత్వం, 1928కి పార్టీ లెక్కల్లో లక్ష దాటింది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఫ్రిట్జ్ రైన్‌హార్ట్ అనే అతను నడిపిన పోస్టల్ కోర్సు. పల్లెటూరి కార్యకర్తకు టపాలో పాఠం వచ్చేది. తయారుగా ఉన్న ప్రసంగాన్ని బట్టీ పట్టాలి, అద్దం ముందు నిలబడి సాధన చేయాలి, సభలో ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలో జవాబు రాసి తిరిగి పంపాలి. 1929లో పార్టీ దీన్ని తన అధికారిక వక్తల పాఠశాలగా గుర్తించింది. ఇలా వేలమంది తయారయ్యారు. మిగతా పార్టీల నాయకులు ఎన్నికలప్పుడు తప్ప కనిపించని ఊళ్లలో వీళ్లు వారానికో సభ పెట్టేవారు.

డబ్బు ఎవరిచ్చారు? పెట్టుబడిదారులేనా?

కొందరు ఇచ్చారు గానీ, 1930కి ముందు పార్టీని ప్రధానంగా నడిపింది సభ్యుల చందాలు, సభల టికెట్లే. అవును, ప్రసంగం వినడానికి డబ్బు తీసుకునేవారు.

హిట్లర్ నిజంగానే చట్టబద్ధ మార్గంలోకి వచ్చాడా?

మార్గం మారింది, గమ్యం మారలేదు. దీన్ని వాళ్లేమీ దాచలేదు కూడా. 1928 ఎన్నికల ముందు గోబెల్స్ తన పత్రికలో, మేం పార్లమెంటుకు మిత్రులుగా రావడం లేదు, గొర్రెల మందలోకి తోడేలు వచ్చినట్టు వస్తున్నాం అని అచ్చేశాడు. 1930 సెప్టెంబర్ 25న, సైన్యంలో నాజీ ప్రచారం చేసిన ముగ్గురు యువ అధికారుల కేసులో హిట్లర్ లైప్‌జిగ్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. రాజ్యాంగబద్ధంగానే అధికారంలోకి వస్తామని ప్రమాణం చేశాడు. అదే నోటితో, వచ్చాక తలలు దొర్లుతాయన్నాడు. విన్నవాళ్లు మొదటి వాక్యం పట్టుకుని ఊరట చెందారు.

1928లో 2.6 శాతం, 1930లో 18.3 శాతం. రెండేళ్లలో ఏమైంది?

1928 మేలో 8 లక్షల ఓట్లు, 12 సీట్లు. ఆ పార్టీ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. కానీ ఉత్తరాన ష్లెస్విగ్ హోల్‌స్టైన్ వంటి చోట్ల రైతులు అప్పటికే అప్పుల్లో మునిగి, జప్తులు ఎదుర్కొంటున్నారు. పార్టీ ఆ వాసన పట్టింది. ఆ 25 అంశాల్లో పరిహారం లేకుండా భూమి తీసుకుంటామన్న అంశానికి, అది యూదు వ్యాపారులకే వర్తిస్తుందని హిట్లర్ 1928 ఏప్రిల్‌లోనే కొత్త భాష్యం చెప్పాడు. అక్షరం కదలదన్న కార్యక్రమం అవసరమొస్తే ఎలా వంగుతుందో దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

1929లో పత్రికాధిపతి హ్యూగెన్‌బెర్గ్, మొదటి ప్రపంచ యుద్ధానికి జర్మనీ చెల్లించాల్సిన పరిహారాల కొత్త ఒప్పందానికి వ్యతిరేకంగా ఉద్యమం పెట్టి హిట్లర్‌ను కలుపుకున్నాడు. డిసెంబర్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ ఘోరంగా ఓడిపోయింది. కానీ పెద్దమనుషుల పక్కన నిలబడిన ఫొటోలు, ఉచిత ప్రచారం హిట్లర్‌కు మిగిలాయి. అదే సమయంలో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కూలింది, అమెరికన్ అప్పుల మీద నడుస్తున్న జర్మనీలో ఫ్యాక్టరీలు మూతపడటం మొదలైంది.

ఇక 1930 జులై. బడ్జెట్ ఆర్డినెన్సును పార్లమెంటు తిప్పికొట్టిందని ఛాన్సలర్ (ప్రధాని) బ్రూనింగ్ సభను రద్దు చేయించాడు. గడువు 1932 దాకా ఉంది. నిరుద్యోగం రోజురోజుకీ పెరుగుతుంటే, తనంతట తాను ఎన్నికలు కొని తెచ్చుకున్నాడు. సెప్టెంబర్ 14న నాజీలకు 64 లక్షల ఓట్లు, 107 సీట్లు. కొత్త ఓటర్లు, ప్రొటెస్టెంట్ పల్లెలు, చిన్న వ్యాపారులు అటు మొగ్గారు. కాథలిక్ ప్రాంతాలు, సంఘటిత కార్మికులు చాలావరకు మొగ్గలేదు.

మాంద్యం అన్ని పార్టీలకూ ఒకేసారి వచ్చింది. కోపంగా ఉన్న ఓటరు తలుపు తట్టేసరికి, ఊరూరా శాఖ, వక్త, చందా పుస్తకం సిద్ధంగా ఉన్నది వీళ్లకే.

అంటే జర్మన్లు ఓట్లేసి గెలిపించారన్నమాటే కదా?

స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ వాళ్లకు మెజారిటీ రాలేదు. 1932 జులైలో 37.4 శాతం వచ్చింది, అదే గరిష్ఠం. నవంబర్‌లో 33.1కి జారి 20 లక్షల ఓట్లు పోయాయి. 1933 జనవరి 30న ఛాన్సలర్ పదవి ఇచ్చింది అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, సలహా మాజీ ఛాన్సలర్ పాపెన్ వంటి వాళ్లది. హిట్లర్‌తో కలిపి మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే, మనం అదుపులో పెట్టుకోవచ్చు అన్నది వాళ్ల అంచనా. 1925లో హెల్డ్ వేసిన అంచనా కూడా ఇదే.

1923లో ఎదురుతిరిగిన వాళ్లను హిట్లర్ వదిలేశాడా?

కార్‌ను వదల్లేదు. 1934 జూన్ 30న, రోహ్మ్ సహా సొంత దళ నాయకులను చంపించిన ఊచకోతలోనే, 71 ఏళ్ల ఆ ముసలాయన్నీ డాకావ్ నిర్బంధ శిబిరానికి తీసుకెళ్లి చంపారు. లోసో 1938లో మామూలుగానే పోయాడు.

మ్యూనిక్ వెళితే ఆ చోట్లు చూడొచ్చా?

బీర్‌హాల్ లేదు, 1979లో కూల్చేశారు. అంతకుముందు, 1939 నవంబర్ 8న ఏటా జరిగే స్మారక సభకు హిట్లర్ వస్తాడని గియోర్గ్ ఎల్సర్ అనే వడ్రంగి అక్కడి స్తంభంలో ముందే బాంబు అమర్చి ఉంచాడు. హిట్లర్ అనుకున్నదానికన్నా ముందే వెళ్లిపోయాడు, పదమూడు నిమిషాల తర్వాత అది పేలి ఎనిమిది మంది చనిపోయారు. "అమరుల" కోసం కట్టిన రెండు మందిరాలను 1947లో అమెరికన్ సైన్యం పేల్చేసింది, పునాదులు కనిపిస్తాయి.

ఫెల్డ్‌హెర్న్‌హాలె మాత్రం అలాగే ఉంది. నాజీల కాలంలో దాని పక్కన కాపలా పెట్టి, దారిన పోయే ప్రతివాళ్లూ చెయ్యెత్తి వందనం చేయాలన్నారు. ఇష్టంలేనివాళ్లు వెనకనున్న విస్కార్డి సందులోంచి తప్పుకుని వెళ్లేవారు. ఆ సందు రాళ్ల మధ్య ఇప్పుడు కంచు రంగు బాట ఒకటి వంకరగా సాగుతుంది. నలుగురు పోలీసుల పేర్ల ఫలకం ఎదురుగా ఉన్న రాజభవనం గోడకు ఉంది. పర్యాటకులు ఎక్కువగా పక్కనున్న సింహం బొమ్మలతో ఫొటోలు దిగుతుంటారు కాబట్టి, ఫలకం కావాలంటే కాస్త వెతుక్కోవాలి.